టీవీ కాలింది, ఫ్రిజ్ జివ్వుమంటోంది, తప్పంతా నాదేనంటున్నారు

ఈసారి ఉత్తరం నాలుగు పేజీలుంది, అందులో రెండు పేజీలు కరెంటు గురించి, మిగతా రెండూ అత్తగారి గురించి. రాసినావిడ పేరూ ఊరూ చెప్పొద్దన్నారు కాబట్టి కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌను అనుకుందాం. అద్దిల్లు, పై పోర్షను, కింద ఓనరుంటారు. భర్త హైదరాబాదులో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వస్తారు, ఇంట్లో ఈవిడా, అత్తగారూ, తొమ్మిదో క్లాసు చదివే పాపా. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది, ఎక్కడో దూరంగా ఒక్క ఉరుము ఉరిమింది, ఈవిడ డాబా మీద ఆరబెట్టిన వడియాలు తడిసిపోతాయని పైకి పరిగెత్తారు. ఈలోగా కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది, రావడం రావడమే ఫ్యాను హెలికాప్టర్‌లా తిరిగింది, పూజ గదిలో జీరో బల్బు తెల్లగా మండి టప్పుమని పేలింది, టీవీ వెనకనించి చిటపట, కాలిన వాసన. అత్తగారు మెయిన్ కట్టేసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. టీవీ (ఇంకా 8 ఈఎంఐలు ఉన్నాయట), సెటాప్ బాక్సు, వైఫై రూటరు, ఫ్రిజ్ స్టెబిలైజరు, రెండు ట్యూబులైట్లు పోయాయి. ఫ్రిజ్ మాత్రం బతికింది, కాకపోతే హ్యాండిల్ ముట్టుకుంటే జివ్వుమంటోంది.

ఇక అప్పటినించీ ఇంట్లో పంచాయితీ. "ఉరిమితే ప్లగ్గులు పీకమని చెప్పానా లేదా, వడియాలు ముఖ్యమా టీవీ ముఖ్యమా" అని అత్తగారు. టీవీకి పెట్టిన స్పైక్ గార్డు ఈవిడ తమ్ముడు కొనిచ్చింది, "మీ తమ్ముడి బాక్సు ఏం చేసినట్టు" అని భర్త ఫోనులో ఎత్తిపొడుపు, తమ్ముడేమో అది ఉండబట్టే ఇంకా పెద్ద నష్టం తప్పిందంటాడు. ఎలక్ట్రీషియన్ ఇల్లంతటికీ 25 వేలు పెట్టి పెద్ద స్టెబిలైజర్ వేయించుకోమన్నాడు, ఓనరు గారు "మా కింద ఏమీ పోలేదు, మీ సామాన్లు మీ ఇష్టం" అన్నారు, లైన్‌మ్యాన్ "పైనించి వచ్చిందమ్మా, మేమేం చేస్తాం" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఎదురింట్లో పెళ్ళి, సీరియల్ సెట్లు, కూలర్లు, ఏసీలు అన్నీ వేశారు, విచిత్రంగా వాళ్ళ లైట్లు మాత్రం దీపాల్లా ఎర్రగా మినుకుమినుకుమన్నాయి అని కూడా రాశారు. చివర్లో మూడు ప్రశ్నలు: తప్పు నాదేనా, 10 వేల లోపు ఏం కొనాలి, ఎవర్ని అడగాలి.

చెల్లెమ్మా, ముందు మీరు అడగని దానికి జవాబు చెప్తాను. ఆ ఫ్రిజ్. ఉత్తరంలో ఒక్క లైనులో రాసి వదిలేశారు, "ఇదివరకు కూడా వానాకాలంలో కొంచెం ఉండేది" అని. టీవీ సంగతి నెలాగినా ఏం కాదు, ఇది ఆగదు. ఇప్పుడే ఆ ప్లగ్గు పీకేసి, పాలూ కూరలూ రెండ్రోజులు కింద ఓనరు గారి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చెప్పులేసుకుని ముట్టుకుంటున్నాం అన్నారు, అది మందు కాదు, అత్తగారు తడి కాళ్ళతో వంటింట్లోకి వచ్చే మనిషి అని మీరే రాశారు కదా.

జివ్వుమనడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మూడు పిన్నుల సాకెట్‌లో పైన లావు కంత ఉంటుంది చూడండి, అది ఎర్తు (లీకైన కరెంటుని భూమిలోకి పంపే దారి), దాని వెనక అసలు వైరే ఉండదు, లేదా వైరు ఉంటుంది కానీ దాని రెండో కొస ఏ గోతిలోకీ వెళ్ళదు. అప్పుడు ఫ్రిజ్ లోపలినించి కాస్త కాస్త లీకయ్యే కరెంటు పోవడానికి దారి లేక బాడీ మీదే నిలబడి మన చేతికోసం చూస్తుంది. రెండోది ఇంకా ఘోరం, ఎర్తు లేని ఇళ్ళలో కొంతమంది ఎలక్ట్రీషియన్లు సాకెట్ లోపలే చిన్న వైరుముక్కతో న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్ళే తీగని) ఎర్తు పిన్నుకి లూప్ చేసేస్తారు. టెస్ట్ బల్బు పెడితే వెలుగుతుంది, ఎర్తు బ్రహ్మాండంగా ఉందమ్మా అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్తారు. మీ ఇంటికి వచ్చే న్యూట్రల్ ఎక్కడన్నా తెగిన రోజున ఆ ముక్క గుండా ఫ్రిజ్ బాడీ మొత్తానికి నిండు ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగలోని వోల్టేజీ అంతా, వచ్చేస్తుంది. అందుకని బల్బు వెలిగిందా అని కాదు, మెయిన్ ఆపించి సాకెట్ ఊడదీయించి, మీ కళ్ళతో చూడండి, ఆకుపచ్చ వైరు విడిగా ఉందా, నల్ల వైరుకి కలిపి ఉందా అని. కలిపి ఉంటే అక్కడికక్కడే తీయించండి.

ఇప్పుడు ఆ సాయంత్రం ఏం జరిగిందో చూద్దాం, మీ ఇంట్లో గొడవకి సగం కారణం ఆ ఒక్కటీ ఎవరికీ అర్థం కాకపోవడమే.

మీరంతా పిడుగు అనుకుంటున్నారు. నేను పాతికేళ్ళు టీవీ రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, మీ ఉత్తరంలో పిడుగు జాడ నాకు కనపడలేదు. పిడుగు వల్ల లైను మీదికి వచ్చే పోటు సెకనులో లక్షోవంతు లెక్కల్లో వచ్చిపోతుంది, ఫ్యాను హెలికాప్టర్‌లా తిరగడానికి దానికి టైమెక్కడిది? ఫ్యాను స్పీడు పెరిగింది, జీరో బల్బు తెల్లగా మండి కాసేపయ్యాక పేలింది అంటే ఎక్కువ వోల్టేజీ కొన్ని సెకన్లో, నిమిషమో నిలబడి వచ్చిందన్న మాట. దానికి తోడు ఎదురింట్లో లైట్లు ఎర్రబడ్డాయి అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే దొరికింది నాకు. ఒక వీధిలో కొన్ని ఇళ్ళకి మిరుమిట్లు, కొన్ని ఇళ్ళకి మినుకుమినుకు, రెండూ ఒకే నిమిషంలో, అంటే దాదాపుగా న్యూట్రల్ తెగినట్టే. గాలికి ఏ కొమ్మో పడి స్తంభం దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో జాయింటు ఊడి ఉంటుంది.

న్యూట్రల్ తెగితే వోల్టేజీ తగ్గాలి గానీ పెరగడమేంటి అని మీ తమ్ముడు అడుగుతాడు. వీధిలోకి మూడు ఫేజులు వస్తాయి, ఒక న్యూట్రల్ వస్తుంది. మూడు ఎడ్లని మూడు పలుపులతో ఒకే గుంజకి కట్టారనుకోండి. గుంజ గట్టిగా పాతి ఉన్నంతసేపూ ఒక్కో ఎద్దుకీ పలుపు పొడవు ఒకటే, 230 వోల్టులు. గుంజ ఊడిందా, బలంగా లాగే ఎద్దు దాన్ని తనవైపు ఈడ్చుకుపోతుంది, దానికి పలుపు పొట్టిదవుతుంది, మిగతావాటికి పొడుగవుతుంది. ఎదురింటి పెళ్ళి ఏసీలూ కూలర్లూ ఉన్న ఫేజు ఆ బలమైన ఎద్దు, వాళ్ళకి వోల్టేజీ పడిపోయింది. మీ ఇంట్లో ఒక ఫ్యానూ రెండు లైట్లూ, మీ ఫేజు మీద లోడు తక్కువ, మీకు పెరిగిపోయింది. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టులు ఉంటుంది (మనవాళ్ళు నోటిమాటగా 440 అంటారు), మరీ దురదృష్టం అయితే దాదాపు అంతవరకూ వెళ్తుంది. ఇంకో సంగతి, మీ ఒక్క ఇంటి సర్వీసు వైరులో న్యూట్రల్ తెగితే మామూలుగా కరెంటు పోతుంది అంతే. వీధంతా ఇలా చిత్రంగా అయిందంటే తెగింది స్తంభం వైపునే. ఓనరు గారి కింద ఏమీ పోలేదంటే వాళ్ళ మీటరు ఇంకో ఫేజు మీద ఉండుంటుంది, లేదా ఆ టైములో ఏమీ వేసి ఉండరు, ఆయన ఇంటి గొప్పతనం అయితే కాదు.

ఇక తమ్ముడి స్పైక్ గార్డు. వీలైతే దాని స్క్రూలు ఊడదీసి చూడండి, ప్లగ్గు పీకాకే సుమా. లోపల అర్ధరూపాయి బిళ్ళంత, నీలం రంగువో పసుపు రంగువో ఉండే బిళ్ళ ఒకటి రెండు కాళ్ళమీద నిలబడి ఉంటుంది, ఎంఓవీ అంటారు. పిడుగు పోటు లాంటి రెప్పపాటు దెబ్బలని అది తన ఒంటిమీదికి తీసుకుంటుంది, తీసుకున్న ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. కానీ సాధారణంగా అది 275 వోల్టులు నిలకడగా తట్టుకునేలా చేసినది, 350 వచ్చి తిష్ట వేస్తే అదే కాలి నల్లబడుతుంది. మీదాంట్లో బిళ్ళ నల్లగా పగిలి ఉంటే పాపం దాని చేతనైనంత చేసిందనుకోండి. అసలు బిళ్ళే లేకపోతే, ఎర్రలైటూ స్విచ్చూ తప్ప ఏమీ లేకపోతే, అది పేరుకి స్పైక్ గార్డు, నిజానికి ఉట్టి జంక్షన్ బాక్సు, అలాంటివి నా బల్ల మీదికి బోలెడు వచ్చాయి. ఎటు చూసినా తమ్ముడిది మోసం కాదు, ఈ రోగానికి ఆ మందు కాదు. మెయిన్‌లో ఉన్న ఎంసీబీ ఎందుకు పడలేదని మీవారు అడిగారట, అది లోడు ఎక్కువైనా, షార్టయినా పడుతుంది, వోల్టేజీ పెరిగితే దానికేం పట్టదు.

మరి అత్తగారి మాట? ప్లగ్గులు పీకడం మంచి అలవాటే, అందులో ఆవిడ నూటికి నూరుపాళ్ళు కరెక్టు. స్విచ్ ఆపితే ఒక్క ఫేజు తీగే తెగుతుంది, పిడుగు పోటుకి ఆ చిన్న ఎడం ఒక లెక్క కాదు, ప్లగ్గు బయటికి వస్తేనే నిజంగా విడిపోయినట్టు. అయితే నెత్తిమీద ఉరుముతుంటే అర్జునా ఫల్గుణా అనుకుంటూ ఒక్కో గదికీ వెళ్ళి ప్లగ్గులు పీకుతారని రాశారు, ఆ టైమే తప్పు. పిడుగులు పడేటప్పుడు వైర్లు, ప్లగ్గులు ముట్టుకోకూడదు, మబ్బు కమ్మగానే పీకేయాలి, ఉరుములు మొదలయ్యాక పోతే పోనీ అనుకుని దూరంగా కూర్చోవాలి. పుణె వాతావరణ సంస్థ వాళ్ళ దామిని యాప్ పాప ఫోనులో వేసి పెట్టండి, చుట్టుపక్కల మెరుపులుంటే ముందే చెప్తుంది. ఇంకోటి, కరెంటు ప్లగ్గు పీకి కేబుల్ టీవీ వైరు అలాగే ఉంచేస్తే లాభం లేదు, డాబా మీద డిష్ నించి వచ్చే వైరు కూడా పిడుగుకి రాజమార్గమే. మీ నెట్టు ఫైబరు అయితే దాని లోపలిది గాజుపోగు, దాంట్లోనించి కరెంటు రాదు, రూటరుకి దెబ్బ తగిలింది అడాప్టర్ లోంచే అయుంటుంది. అదే వోల్టేజీ అడాప్టరు ఒకటి పక్కింటివాళ్ళది అడిగి పెట్టి చూడండి, సగం సార్లు రూటరు బతికే ఉంటుంది.

కాబట్టి తప్పెవరిదీ అంటే, వడియాలు ఎత్తడం వల్ల తెగిన న్యూట్రల్ కాదది. కరెంటు పోయినప్పుడు టీవీ ప్లగ్గు పీకి ఉంటే బతికేది, ఆ మాట నిజమే, కానీ ఆ పావుగంట అత్తగారు కూడా ఇంట్లోనే ఉన్నారు కదా (ఈ లైను ఆవిడకి చదివి వినిపించకండి).

టీవీని పాత సామాన్లవాడికి వేసేయకండి. గోడ కరెంటు 230 అయితే టీవీ లోపల దాన్ని డీసీ చేసినప్పుడు 325 అవుతుంది, అక్కడ కెపాసిటర్ అని కరెంటుని నిలవ ఉంచే పార్టు ఒకటి, 400 వోల్టులకో 450కో చేసింది ఉంటుంది. గోడలో 350 వస్తే లోపల 495. పాపం అది ఉబ్బి నెత్తి పగిలి లోపలి రసం కక్కుతుంది, మీరు రాసిన ఆ చేపల్లాంటి కాలిన వాసన అదే. చాలాసార్లు పవర్ బోర్డు దగ్గరే నష్టం ఆగిపోతుంది, ప్యానెల్ బావుంటుంది. కంపెనీ సర్వీసువాళ్ళు బోర్డు మొత్తం మారుస్తారు, ఖర్చు ఎక్కువ, పని నమ్మకం. బజార్లో మంచి మెకానిక్ అయితే పోయిన పార్టులే మారుస్తాడు, చవక, కాకపోతే ఫ్యూజు బదులు తీగముక్క వేసేవాడు దొరికితే ఇంకోసారి ఇల్లే తగలబడుతుంది, ఫ్యూజు వేశాడో లేదో అడిగి చూడండి. హై వోల్టేజీకి వారంటీ మామూలుగా వర్తించదు. ఏదైనా సరే పోవడానికి కారణం హై వోల్టేజీ అని వాళ్ళ బిల్లు మీద రాయించుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

ఇక 10 వేలతో ఏం కొనాలి. నన్నడిగితే మొదటి డబ్బులు ఓవర్ అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్‌కి. మెయిన్ స్విచ్ తర్వాత ఎంసీబీల పక్కన పట్టే చిన్న పెట్టె, మొహం మీద వోల్టేజీ అంకెలు కనపడుతుంటాయి, వెయ్యి నించి మూడు వేల లోపు మంచివి దొరుకుతాయి. మీరు పెట్టిన అంకె దాటితే రెప్పపాటులో ఇల్లంతా కట్ చేస్తుంది, మామూలుగా అయ్యాక కొంతసేపు ఆగి తనే కలుపుతుంది. ఎక్కువకి 265, తక్కువకి 170, ఆగే టైము మూడు నిమిషాలు పెట్టించండి, ఆ మూడు నిమిషాలు ఫ్రిజ్ కంప్రెసర్ కోసం. ఇల్లు మారినప్పుడు విప్పుకుని తీసుకుపోవచ్చు, అద్దె ఇంటివాళ్ళకి అదో సుఖం. కష్టం కూడా చెప్తాను, ఎండాకాలం సాయంత్రాలు మీ వీధిలో లో వోల్టేజీ ఉంటే ఇది మాటిమాటికీ కట్ చేస్తుంది, ఊరంతా గుడ్డిగానన్నా లైట్లు వెలుగుతుంటే మీ ఇల్లు ఒక్కటే చీకటి, అత్తగారు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు కింది అంకె ఇంకొంచెం తగ్గించుకుని, ఫ్రిజ్‌కి విడిగా స్టెబిలైజర్ ఉంచుకోవాలి.

ఆ పోయిన స్టెబిలైజర్ మీ ఫ్రిజ్‌ని కాపాడి తను పోయింది, కాబట్టి దాని చోట అలాంటిదే, టైమ్ డిలే ఉన్నది (కరెంటు వచ్చాక కాసేపు ఆగి ఇచ్చేది), ఇంకోటి కొనండి. టీవీకి స్టెబిలైజర్ అనవసరం, ఇప్పటి టీవీలు తక్కువ వోల్టేజీని అవే సర్దుకుంటాయి. ఇల్లంతటికీ 25 వేల స్టెబిలైజర్ అన్నది చెడ్డ సలహా కాదు కానీ అది రెండు మూడు ఏసీలుండి రోజూ లో వోల్టేజీతో బాధపడే ఇంటికి, మీ ఇంటికి పెళ్ళికూతురి నగలు మంగళవారం సంతకి పెట్టుకెళ్ళినట్టు.

పిడుగు కోసం వేరే ఉంది, టైప్ 2 ఎస్పీడీ అంటారు, అదీ మెయిన్ బోర్డులోనే పడుతుంది, దాని మొహం మీది చిన్న కిటికీ ఆకుపచ్చగా ఉన్నంతకాలం పని చేస్తున్నట్టు, ఎర్రబడితే మార్చాలి. కాని అది వచ్చిన పోటుని భూమిలోకి తోసేయడమే పని, మరి మీకు ఎర్తే అనుమానం. ఎర్తు గొయ్యి కార్ పార్కింగ్ సిమెంటు కింద కలిసిపోయిందని మీరే రాశారు. ఎర్తు లేకుండా ఎస్పీడీ కొనడం తూము లేని చెరువుకి తలుపులు కొన్నట్టే, ఆ డబ్బు అట్టే పెట్టుకోండి.

ఎర్తు ఓనరు గారి పని. ఆయన్ని మీ టీవీ పోయిందని అడిగితే కదలరు. ఆయన బోరు మోటారు బాడీకి కూడా అదే ఎర్తు, దాన్ని ఆన్ చేసేది ఆయన భార్యే, ఆ మాట మెల్లిగా చెప్పండి. ప్రహరీ పక్కన కొత్త గొయ్యి తీసి పైపు దించి బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం నీళ్ళు పోయడానికి గరాటు పెడితే చాలు, పార్కింగ్ పగలగొట్టక్కర్లేదు. సగం మేం పెట్టుకుంటాం అంటే ఒప్పుకోవచ్చు, కాకపోతే ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి రాదు. అస్సలు ఒప్పుకోకపోతే మీ పోర్షనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ అయినా వేయించుకోండి. టీవీని కాపాడదు, మనిషికి కరెంటు తగిలితే వెంటనే కట్ చేస్తుంది. వేశాక మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ దాన్ని బైపాస్ చేస్తానంటే మాత్రం వద్దనండి, ఎక్కడో లీకో, నేను చెప్పిన ఆ లూపో ఉందని అది మొత్తుకుంటోందన్న మాట.

లైను సంగతి. లైన్‌మ్యాన్‌తో మాటలు కాదు, కరెంటు కంప్లైంట్ల నంబరు 1912కి ఫోన్ చేసి న్యూట్రల్ లూజు అని చెప్పి కంప్లైంటు నంబరు రాసుకోండి. తర్వాత తేదీ, టైము, ఏమేం పోయాయో రాసి కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఒక కాయితం ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి, సామాన్లు పోయినవాళ్ళందరి సంతకాలూ పెట్టించండి, లైట్లు ఎర్రబడిన ఎదురింటివాళ్ళ సంతకం మరీ ముఖ్యం. నష్టపరిహారం కావాలంటే 2003 విద్యుత్ చట్టం కింద ప్రతి కరెంటు కంపెనీకీ వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉంటుంది, అక్కడ కాకపోతే ఆ పైన అంబుడ్స్‌మన్. లాయరు లేకుండా మీరే వెళ్ళొచ్చు, మెకానిక్ బిల్లు మీద రాయించమన్నది అందుకే. డబ్బులు వస్తాయని మాత్రం నేను మాటివ్వలేను, నెలలు పడుతుంది, తప్పు లైనుదే అని మీరు చూపించాలి. వద్దనుకుంటే ఏఈ గారి కాయితంతో ఆపేయండి, కనీసం జాయింటు బిగిస్తారు, బిగించకపోతే రేపు ఇంకో గాలికి ఇదే కథ.

డబ్బు పెట్టక్కర్లేనిది ఒకటుంది. కరెంటు పోగానే టీవీ, ఫ్రిజ్, రూటరు ప్లగ్గులు పీకేయాలి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టాలి. వచ్చిన కరెంటు మంచిదో కాదో చూడ్డానికి ఎల్‌ఈడీ బల్బులు పనికిరావు, అవి ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా చాలావరకు ఒకేలా వెలుగుతాయి. పేలిపోయిన ఆ పూజ గది జీరో బల్బు చోట మళ్ళీ పాత రకం, లోపల తీగ కనపడేది, అదే కొనండి. ఎర్రగా ఉంటే తక్కువ, తెల్లగా మండితే ఎక్కువ. ఆ కాపలా అత్తగారికి అప్పచెప్పండి, ఎలాగూ కరెంటు పోయినప్పుడు ఆవిడ కూర్చునేది అక్కడే అన్నారుగా, మీరు నిశ్చింతగా వడియాలు ఎత్తుకోవచ్చు.